ఒక చేత మగ్గము, ఒక చేత క్రొత్తదారి
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

   

భావనాఋషి సంతతివారమని చెప్పుకొను మనము, సభచేరినప్పుడెల్ల మన పూర్వుల నేతపనితనమును కొనియాడుకొనుట వాడుక. అది తగినదే. కాని నేడు నేను పొగడ్తకై నిలువలేదు. మన యిండ్లలో ప్రతిదినమును వినబడుచున్న యొక ప్రశ్నను మీ ముందుంచి, దానికి లోకమునందలి కంపెనీలు ఎట్లు సమాధానము చెప్పినవో, ఎట్లు చెప్పలేక చెడినవో విన్నవింపదలచితిని.

ఆ ప్రశ్న యిది. ఉన్న పనినే పట్టుకొని దానిని మెఱుగుపఱచుకొనుచు పోవలెనా, లేక దానిని విడిచి క్రొత్తపనికి దిగవలెనా? తండ్రి మగ్గమును విడువ నొల్లడు. కుమారుడు మగ్గమువంక చూడ నొల్లడు. ఇరువురి మాటయందును న్యాయము కలదు. 2009–10 సంవత్సరపు గణనలో భారతదేశమున చేనేతపనియందును, దాని అనుబంధపు పనులయందును ఉన్నవారు 43 లక్షలకు పైబడియుండిరి. 2019–20 గణన నాటికి వారు 35 లక్షలకు దిగిరి. పదియేండ్లలో ఎనిమిది లక్షలమంది తగ్గిరన్నమాట. ఈ లెక్క చూచినచో కుమారుని భయము వట్టిది కాదని తెలియును. అయినను ఆ 35 లక్షలమంది ఇంటిపొయ్యి నేటికిని మగ్గముమీదనే మండుచున్నది గనుక తండ్రి పట్టుదలయు వట్టిది కాదు.

ఇది మన కొక్కరికే కలిగిన చిక్కు కాదు. చిన్న దుకాణము మొదలు ఖండాంతరముల వ్యాపించిన కంపెనీ వఱకు అందఱకును ఇదియే చిక్కు. 1991వ సంవత్సరమున అమెరికా దేశపు పండితుడు జేమ్స్ మార్చ్ దీనిని గూర్చి యొక వ్యాసము వ్రాసెను. ఏ సంస్థయైనను రెండు విధములైన పనులు చేయవలసియుండునని ఆయన మతము. మొదటిది తెలిసిన పనిని మెఱుగుపఱచి ఫలము పొందుట. రెండవది తెలియని దానిని వెదకుట. మెఱుగుపని ఫలము దగ్గఱనున్నది, నిశ్చయమైనది. వెదకుపని ఫలము దూరముననున్నది, సందేహమైనది. పెక్కుసారులు నష్టమే మిగులును. కావున బుద్ధిమంతులైన యజమానులు సైతము దినదినమును మెఱుగువైపునకే మ్రొగ్గుదురు. ఈ సంవత్సరమున కది లాభమే, పదియేండ్లకు అదియే నాశనహేతువు. ఇక వెదకుటయే పనిగా పెట్టుకొన్నవారి గతియు మేలు కాదు. వారు ఒక్కదానినైనను పండనీయక, ఒకదానిపై నొకటి విత్తులు చల్లుచుందురు.

1996లో మైకేల్ టష్‌మన్, చార్లెస్ ఓరైలీ అను మఱి యిరువురు పండితులు, ఈ రెండుపనులను ఏకకాలమున చేయగల సంస్థను రెండుచేతుల సంస్థ యని యర్థమిచ్చు పేరుతో వర్ణించిరి. మనకు ఆ మాట క్రొత్తది కాదు. కుడిచేతను, ఎడమచేతను ఒకే తీరున విల్లు తిగువగల యర్జునునకు సవ్యసాచి యని మన పెద్దలు ఎన్నడో పేరిడిరి. నేతగానికి అర్జునునివఱకైన పోనక్కఱలేదు. కుడిచేత విసరిన నాడెను ఎడమచేయి అందుకొననిచో గుడ్డయే లేదు గదా!

ఇందుకు దృష్టాంతముగా మగ్గమునుండియే పుట్టిన యొక కంపెనీ చరిత్రము చెప్పెదను.

జపాను దేశమున 1867వ సంవత్సరమున టొయోడా సకిచీ యను నాతడు ఒక పల్లెటూరి వడ్రంగి యింట జన్మించెను. తల్లియు, ఊరి స్త్రీలును మగ్గములపై పడుచున్న శ్రమను చూచుచు పెరిగి, దానిని తగ్గింప పూనుకొనెను. 1890లో ఆయన చేసిన కొయ్యమగ్గముపై నాడెను నడపుటకు రెండుచేతులకు మాఱుగా ఒక్కచేయి చాలెను. మఱుసటియేట దానికి పేటెంటు పొందెను. కొన్ని సంవత్సరములకు మరమగ్గమును నిర్మించెను. 1907లో పెట్టుబడిదారులు కొందఱు చేరి, మగ్గములు చేయు కంపెనీ నొకదానిని స్థాపించి, ఆయన నందు నియమించిరి. అమ్మకములు మందగించినంతనే, ఆయన ప్రయోగములే నష్టమునకు మూలమను నింద బయలుదేరెను. 1910లో ఆయన ఆ కంపెనీని విడువవలసివచ్చెను.

సకిచీ ఆ దెబ్బనుండి యొక పాఠము నేర్చుకొనెను. 1911లో నగోయా నగరమున సొంతముగా నొక నేతకర్మాగారము పెట్టెను. అచట నేసిన గుడ్డను అమ్మగా వచ్చిన లాభము ప్రయోగములకు కూడు పెట్టెను. ప్రయోగమున పుట్టిన మగ్గమునకు ఆ కర్మాగారమే పరీక్షాస్థల మయ్యెను. గుడ్డ లేనిచో మగ్గము లేదు, మగ్గము మెఱుగుపడనిచో గుడ్డకు లాభము లేదు. ఇట్లు రెండుచేతులును ఒండొంటికి సాయపడగా, 1924లో జి రకపు స్వయంచాలక మగ్గము సిద్ధమయ్యెను. నాడెలోని నూలు అయిపోవచ్చినప్పుడు మగ్గమును ఆపకుండనే క్రొత్త నాడె వచ్చి చేరును. దారము తెగినచో మగ్గము తనంతట తానే నిలిచిపోవును. ఒక్క మనిషి ముప్పది మగ్గములను చూచుకొనుటకు వీలు కలిగెను. దీనిని చేసి అమ్ముటకై 1926లో టొయోడా స్వయంచాలక మగ్గముల కంపెనీ యేర్పడెను. 1929లో ఇంగ్లండునందలి ఓల్డ్‌హామ్ పట్టణపు ప్లాట్ బ్రదర్సు వారు దాని హక్కులను ఒక లక్ష పౌండ్లకు కొనుటకు ఒడంబడిక చేసికొనిరి. ఏ లాంకషైరు సీమ గుడ్డలు మన తాతల మగ్గముల నోటికాడి కూడు తీసెనో, ఆ సీమవారే ఒక వడ్రంగి కుమారుని మగ్గమునకై చేయిచాచిరి! అయినను ఆ సీమ మిల్లులు చాలకాలము తమ పాతమగ్గములనే అంటిపెట్టుకొనియుండెను. క్రొత్తదానిని కొనుట వేఱు, క్రొత్తదానికి తన్ను మార్చుకొనుట వేఱు.

1930లో సకిచీ స్వర్గస్థుడయ్యెను. ఆయన కుమారుడు కీచిరో మోటారుబండిని చేయనెంచెను. ఆనాడు జపానులో అమెరికా కంపెనీల బండ్లే విరివిగా తిరుగుచుండెను. మగ్గముల కంపెనీ యధ్యక్షుడు, కీచిరో సోదరీభర్త రిసబురో మొదట సంశయించెను. ఆయన సంశయమును మనము వెక్కిరింపరాదు. వందలమంది కూలి ఆయన చేతిలో నుండెను. తుదకు 1933లో ఆ కంపెనీలోనే మోటారుబండ్ల శాఖ వేఱుగా నేర్పడెను. 1934 జనవరిలో వాటాదారుల సభ కూడి, మూలధనమును పది లక్షల యెన్నులనుండి ముప్పది లక్షల యెన్నులకు పెంచి, ఆ పనికి సమ్మతించెను.

తరువాతి కథ సుఖముగా జరిగినదనుకొనవలదు. ఇంజనుభాగములను పోతపోయగా ఎన్నియో పనికిరాక పాఱవేయవలసివచ్చెను. 1935లో అమ్మకమునకు వచ్చిన మొదటి లారీలు దారిలో మాటిమాటికి చెడిపోవుచుండెను. కంపెనీవారే పోయి బాగుచేసి యిచ్చుచుండిరి. ఈ దినములన్నిటను బండికి అన్నము పెట్టినది మగ్గమే. మగ్గమునకై నేర్చిన యినుపపోత, దారము తెగగానే నిలుచు యంత్రముయొక్క తత్త్వము, కొలత తప్పక భాగములను చేయు నేర్పు, ఇవన్నియు బండిపనిలోనికి నడచివచ్చెను. క్రొత్తబిడ్డ తనకాళ్ళపై నిలువగలడని తోచిన పిమ్మటనే, 1937లో టొయోటా మోటారు కంపెనీని వేఱుచేసిరి.

ఇంకొక ముచ్చట. 1950లో ఆ మోటారు కంపెనీ దివాలా అంచునకు వచ్చెను. పెక్కుమంది పనివారిని తీసివేయవలసివచ్చినందున సమ్మె పుట్టెను. కీచిరో తన పదవిని విడిచెను. అప్పుడు వచ్చి పగ్గములు పట్టిన దెవరు? మగ్గముల కంపెనీ యధ్యక్షుడైయున్న ఇషిదా తైజో. పాతయింటివారు క్రొత్తయింటిని నిలువబెట్టిరి. ఆ వెంటనే కొరియా యుద్ధమువలన వచ్చిన లారీల గిరాకియు తోడ్పడెను. నేడు టొయోటా పేరు తెలియని వీధి లేదు. దాని కన్నతల్లియైన మగ్గముల కంపెనీ, టొయోటా ఇండస్ట్రీస్ అను పేరుతో, బరువులెత్తు బండ్లతోపాటు గాలితో పేకను నడపు మగ్గములను నేటికిని చేయుచున్నది. మగ్గమును విడిచి బండి నెక్కలేదు; మగ్గముపై నిలిచి బండి నెక్కిరి.

ఇక చెడినవారి మాట. ఛాయాచిత్రముల ఫిల్ము చేయుటలో అమెరికాదేశపు కోడాక్ కంపెనీ ప్రఖ్యాతి వహించినది. ఫిల్ము అక్కఱలేని డిజిటల్ కెమేరాను 1975లో మొదట నిర్మించినది ఆ కంపెనీలోని ఇంజనీరు స్టీవెన్ సాసనే. కావున కోడాక్ వారికి క్రొత్తది తెలియకపోలేదు. వారు దానిపై ధనము వెచ్చింపకపోనులేదు. ఒకప్పుడు డిజిటల్ కెమేరాలను విరివిగా అమ్మిరి కూడను. కాని ఫిల్మునుండి వచ్చు లాభము కమ్మగానుండుటచే, క్రొత్తదానిని పాతదాని లాభముతో తూచి, ఇది తేలికయని మాటిమాటికి వెనుకంజ వేసిరి. 2012 జనవరిలో ఆ కంపెనీ దివాలా రక్షణకై న్యాయస్థానము నాశ్రయించెను.

అదే పిడుగు జపానునందలి ఫ్యూజీఫిల్ము కంపెనీపైనను పడెను. లోకమున రంగుఫిల్ము గిరాకి 2000వ సంవత్సరమున శిఖరము చేరి, పిదప కొండచరియ విఱిగినట్లు పడిపోయెను. 2003లో ప్రధానాధికారము వహించిన కొమోరి షిగెటకా తన కంపెనీకి ఏ విద్యలు తెలియునని లెక్క వేయించెను. ఫిల్మునకు ఆధారమైన పలుచని పొరను చేయుట వారికి తెలియును. టెలివిజను, కంప్యూటరు తెరలకు కావలసిన పొర అదియే. రంగు వెలియకుండ కాపాడుట తెలియును. ఫిల్ములోని జిలాటినునకు మూలమైన కొల్లాజెను గుణము తెలియును. చర్మమునకు పూయు లేపనములకు ఆ విద్యయే పనికివచ్చెను. తెరల పొరలు, వైద్యసాధనములు, మందులు, లేపనములు, ఇట్లు దారులు తెఱచికొనిరి. దానికి మూల్యముగా ఫిల్ముశాఖలో కర్మాగారములను మూసి, వేలమంది పనివారిని తగ్గింపవలసివచ్చినది గూడ మఱవరాదు. అయినను ఫిల్మును పూర్తిగా వదలలేదు. ఒక్కటే పిడుగు, ఇద్దఱు వర్తకులు. కోడాక్ వారు క్రొత్తది ఎంత తెచ్చునని యడిగిరి. ఫ్యూజీవారు మన చేతికి ఏమి వచ్చునని యడిగిరి.

సోదరులారా! మన చేతులకు ఏమి వచ్చునో మనము లెక్క వేసికొంటిమా?

పోచంపల్లిని చూడుడు. చిటికి కట్టి రంగువేయు విద్యతో ఒకప్పుడు తేలియా రుమాళ్ళు నేసిన సీమ అది. ఆ విద్యను విడువకయే రుమాలునుండి చీరకును, నూలునుండి పట్టునకును సాగిరి. 2005లో పోచంపల్లి ఇక్కత్తునకు భౌగోళిక గుర్తింపు లభించెను. విద్య పాతది, వస్తువు క్రొత్తది. ఫ్యూజీవారు చేసినపని మనవారు ఇంగ్లీషు చదువులు లేకయే చేసిరి.

ఆ యిక్కత్తు పనిలోనే ఆసుపోయుట యను కష్టము గలదు. ఒక్క చీరకు వేలసారులు చేయి చాపి, మేకుల చుట్టును దారమును త్రిప్పవలెను. ఈ పని ఇంటి యాడువారిది. శారాజీపేట గ్రామమున చేనేత కుటుంబమున పుట్టిన చింతకింది మల్లేశము, తల్లి లక్ష్మి భుజముల నొప్పి చూడలేక, 1992లో ఆసుయంత్రమునకు పూనుకొనెను. చేతిలో డబ్బులేదు, గొప్ప చదువు లేదు. బ్రదుకుటకు పనిచేసికొనుచు, మిగిలినదానిని యంత్రముపై పెట్టి, 1999 నాటికి దానిని సాధించెను. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగెను. తల్లి పేర దానికి లక్ష్మీ ఆసుయంత్రమని పేరు పెట్టెను. 2017లో ప్రభుత్వమువారు ఆయనను పద్మశ్రీతో గౌరవించిరి. సకిచీయు తల్లి శ్రమనుండియే మొదలుపెట్టెనని ఇంతకుముందే విన్నవించితిని. చేనేతలో నేడు నూటికి డెబ్బదిమందికి పైగా స్త్రీలే. ఏ క్రొత్తపని వెదకవలెనని దిక్కులు చూచువారు, ముందుగా తమ యింటి యాడువారిని ఎక్కడ నొప్పియని యడుగవలెను. చేతిలో వెన్న పెట్టుకొని నేతికి తిరుగనేల?

కాని మల్లేశముగారి కథలో మనము సిగ్గుపడవలసిన విషయ మొకటి కలదు. ఆ యేడేండ్లు ఆయన ఒంటరిగా మోసెను. ఒక సహకార సంఘమో, ఒక ధనికుడో పూనియుండినచో, ఆ యేడేండ్లు మూడేండ్లయి యుండెడివేమో. ఇట్టివారు మధ్యలో చేతులెత్తివేసి, పేరైన తెలియకుండ పోయినవారు మఱియెందఱో! కంపెనీలలో ఈ భారమును కంపెనీ మోయును. మనలో దానిని కులము మోయవలెను. సంఘమని పేరు పెట్టుకొన్నందులకు ఫలమదియే.

కావున పైచరిత్రములనుండి నాకు తోచిన నియమములను విన్నవించెదను.

మొదటిది: క్రొత్తదానిపై మోజుతో ఉన్నపనిని పాడుచేయరాదు. క్రొత్తొక వింత, పాతొక రోత యను సామెత ఊరక పుట్టలేదు. రంగు వెలియని చీర, మాట తప్పని అప్పగింత, ఇవియే రేపటి ప్రయోగమునకు పెట్టుబడి.

రెండవది: ప్రయోగమునకు పోయినను బాధలేనంత సొమ్ము ముందే విడిగా నుంచవలెను. ఇల్లు కుదువపెట్టి వారపుకట్టలతో మరమగ్గములు దింపి, గిరాకి పడిపోగా ఉసురుపోసికొన్న యిండ్లను మనము చూచియున్నాము. అది ప్రయోగము గాదు, జూదము.

మూడవది: క్రొత్తపనికి చోటు వేఱు, మనుషులు వేఱు, లెక్కల పుస్తకము వేఱు ఉండవలెను. నెలనెల లాభమడిగినచో ఏ విత్తును మొలవదు. అయినను గడువు లేకుండ విడువరాదు. ఇన్ని నెలలలో ఏమి నేర్చితిరి, ఇంకను సాగింపవలెనా, మానవలెనా యని గడువున నడుగవలెను.

నాలుగవది: చోటు వేఱైనను యజమాని యొక్కడే యుండవలెను. పాతపనివారును క్రొత్తపనివారును ఒకరినొకరు చులకనచేయకుండ చూచుట ఆయన ధర్మము. తండ్రి నేర్పు కుమారుని గదిలోనికి పోవలెను. కుమారుని తెలివి తండ్రి మగ్గముకడకు రావలెను. నేడు తండ్రి యింటను, కుమారుడు హైదరాబాదులో కంప్యూటరు ముందును ఉన్నారు. ఇరువురి నడుమ ఫోనులో క్షేమసమాచారమే గాని పని సమాచారము లేదు. దూరదేశముల కొనుగోలుదారునకు మగ్గమును చూపగల విద్య కుమారునకు తెలియును. చూపదగిన చీర తండ్రి చేతిలో నున్నది.

కొందఱు ఆక్షేపింతురు: ఇవి కోటీశ్వరుల కంపెనీల మాటలు, రెండు మగ్గములవాని కేమి పనికివచ్చునని. ఆక్షేపణ సరియైనదే. రెండు మగ్గములవాడు ఒంటరిగా రెండుచేతుల సంస్థ కాజాలడు. అందువలననే సంఘము కావలెనని నేను చెప్పుచున్నాను. సోలాపురము, భివండి, సూరతు మొదలైన పట్టణములకు వలసపోయి స్థిరపడిన మనవారును, పల్లెలలో గుంటమగ్గము మీదనున్న మనవారును ఒక్కచోట కూడునది ఈ సభలోనే గదా!

పోషకమహాశయులకు నా విన్నపము. మీరు సత్రములు కట్టించితిరి, విద్యార్థులకు వసతిగృహము లేర్పఱచితిరి, వేతనము లిచ్చితిరి. ఆ పుణ్యము గొప్పది. ఈ యేటినుండి సంఘపు రాబడిలో కొంతభాగమును ప్రయోగనిధి యని వేఱుగా తీసియుంచుడు. ఆసు, కండెలు, సరులు, రంగు, అమ్మకము, వీనిలో దేనియందైనను క్రొత్తమార్గము వెదకు యువకునికిగాని, యువతికిగాని ఒక గదిని, కొంత సామగ్రిని, ఒకటి రెండు సంవత్సరముల భుక్తిని ఇండు. పదిమందిలో ఏడుగురు తప్పిపోవుదురేమో. వచ్చేయేడు లెక్కలు చదువునప్పుడు ఆ యేడుగురిని చూపి నిధిని మూసివేయకుడు. సకిచీని పంపివేసిన పెట్టుబడిదారులు చేసిన తప్పు అదియే.

మగ్గముపై కూర్చుండువాడు పడుగును తెంపి పేకను వేయడు. పడుగు మన పాతవిద్య. పేక మన క్రొత్తప్రయత్నము. రెండును చేరినప్పుడే వస్త్రము. ప్రయోగనిధిని గూర్చిన తీర్మానమును ఈ మహాసభ యామోదింపవలెనని ప్రార్థించుచు విరమించుచున్నాను.